‘దాని గుణమే గంత’ అనే ముందు

(పాలమూరులోని ఒక మహిళా డిగ్రీ కళాశాలలో విద్యార్థినులు, ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్ల ముందు ఒక మానసిక నిపుణురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో ఉన్న ఆశా అక్కలకు మరోసారి నమస్కారం. పొద్దున డ్యూటీ చేసుకుని, రెండు బస్సులు మారి వచ్చినవాళ్లు మీలో ఉన్నారని తెలిసింది. అందుకే నేరుగా విషయంలోకి వస్తాను.

నేను దేవరకొండ దగ్గర పల్లెలో పుట్టి పెరిగాను. మా ఇల్లు పెద్దది, ఆడవాళ్లు చాలామంది. వాళ్ల గురించి రెండు మాటలు వింటూ పెరిగాను. ఒకటి, "దాని గుణమే గంత." రెండోది, "ముట్టు దగ్గరికొచ్చినట్టుంది, దాన్ని కదిలియ్యకుండ్రి." మా పెద్దమ్మ గిన్నెలు ఎత్తి పడేసినట్టు పెడితే మొదటి మాట అనేవాళ్లు. మా చిన్నత్త దొడ్లో కూర్చుని కొంగు అడ్డం పెట్టుకుని ఏడిస్తే రెండో మాట. చాలా ఏళ్లు నాకు ఈ రెండూ వేరు వేరు మాటలుగానే తోచాయి. ఈ చదువులోకి వచ్చాక ఒకటి అర్థమైంది. ఏ మాట అన్నా, పెద్దమ్మ దగ్గరికి పోయి "నీకేమైంది?" అని అడగాల్సిన పని ఎవరికీ లేకుండా పోయేది.

ఈరోజు నన్ను మాట్లాడమన్న విషయం ఈ రెండు మాటల మధ్యలోనే ఉంది. నెలసరికి ముందు వచ్చే చిరాకు, దుఃఖం, టెన్షన్ ఒక పక్క. మనిషి గుణం, స్వభావం ఇంకో పక్క. వీటికి సంబంధం ఉందా? ఉంది. కానీ అది మనం అనుకునే తీరులో లేదు.

ముందు శరీరం సంగతి చూద్దాం. పిల్లలు ఇది బయాలజీలో చదివే ఉంటారు కాబట్టి తొందరగా చెప్తాను. నెలసరి అందరికీ 28 రోజులకే రావాలని లేదు. పెద్దవాళ్లలో 21 నుంచి 35 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా మామూలే. మళ్లీ నెలసరి రావడానికి సుమారు 14 రోజుల ముందు అండం విడుదలవుతుంది. అక్కడి నుంచి ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ పెరిగి, నెలసరి దగ్గరపడేసరికి పడిపోతుంది. ఈస్ట్రోజెన్ కూడా దాంతోపాటే దిగుతుంది. ప్రొజెస్టెరాన్ నుంచి మన ఒంట్లో అల్లోప్రెగ్ననలోన్ అనే ఇంకో పదార్థం తయారవుతుంది. మెదడును నెమ్మదింపజేసే గాబా అనే వ్యవస్థ ఒకటి ఉంది. ఈ పదార్థం పనిచేసేది దాని మీదే. మామూలుగా అయితే మనసు శాంతించాలి. కొందరిలో మాత్రం ఈ పదార్థం ఎక్కి దిగుతుంటే మెదడు దానికి సర్దుకోలేకపోతుంది. శాంతికి బదులు చిరాకు, భయం, ఏడుపు వస్తాయి.

ఇక్కడ అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడం, నాకు హార్మోన్లు ఎక్కువున్నయా, తక్కువున్నయా? టెస్టు రాయుండ్రి." ఎక్కువా కాదు, తక్కువా కాదమ్మా. అమెరికాలో ష్మిట్, రుబినో అనే డాక్టర్ల బృందం 1998లో ఒక పరిశోధన ప్రచురించింది. నెలసరి ముందు బాగా బాధపడే స్త్రీలకు మందు ఇచ్చి, అండాశయాల పనిని కొన్నాళ్లు ఆపారు. చాలామందికి బాధ తగ్గింది. తర్వాత వాళ్లకు అవే హార్మోన్లను బయటి నుంచి ఇచ్చారు. బాధ తిరిగి వచ్చింది. ఏ బాధా లేని ఇంకో గుంపు స్త్రీలకూ ఇదే మందు, ఇవే హార్మోన్లు ఇచ్చారు. వాళ్లకు ఏమీ కాలేదు. చిన్న పరిశోధనే, కొద్దిమంది మీద చేసిందే. కానీ అది చూపించింది చాలా పెద్ద విషయం.

మన నేలల సంగతి మీకు తెలుసు. ఒకే మొగులు, ఒకే వాన. నల్లరేగడిలో నీళ్లు నిలిచి, కాలు పెడితే మోకాలి దాకా దిగబడుతుంది. పక్కనే చెల్క నేల, గంటలో పీల్చుకుని ఆరిపోతుంది. అంతమాత్రాన వానలో తప్పుందని అనం. నల్లరేగడి చెడ్డదనీ అనం, పత్తి బాగా పండేది దాంట్లోనే. హార్మోన్లు ఆ వాన లాంటివి. మెదడు ఆ నేల. రక్తపరీక్షలో హార్మోన్లు మామూలుగా ఉండి, "నీకేం లేదు పో" అనిపించుకున్న ఆడపిల్లలకు ఈ సంగతి ముందే తెలిసి ఉంటే ఎంత ధైర్యం వచ్చేదో.

నాకూ ఆ మాట పడింది. పీజీ చదివే రోజుల్లో, నెలకు ఐదారు రోజులు హాస్టల్ గదిలో తలుపేసుకుని ఉండేదాన్ని. ఒక డాక్టరు దగ్గరికి పోతే, పెళ్లయితే అదే పోతుందన్నారు. పెళ్లయింది. పోలేదు. ఆ మాట నమ్మి నేను పోగొట్టుకున్న కాలం నాలుగేళ్లు.

సరే, గుణం దగ్గరికి వద్దాం.

మనస్తత్వ శాస్త్రంలో మనిషి స్వభావాన్ని కొలవడానికి చాలా పద్ధతులున్నాయి. ఎక్కువమంది వాడేది ఐదు లక్షణాల పద్ధతి. ఆ ఐదింటిలో మన విషయానికి అన్నిటికంటే దగ్గరగా ఉండేది న్యూరోటిసిజం. పేరు వినగానే రోగం అనుకుంటారు. రోగం కాదు. తొందరగా కలత పడటం, చిన్న మాట కూడా లోపల తగలడం, జరగబోయే చెడును ముందే ఊహించుకోవడం, ఒకసారి మనసు చెదిరితే తిరిగి నిలబడటానికి టైం పట్టడం. ఇది అందరిలోనూ ఎంతో కొంత ఉంటుంది. కొందరిలో ఎక్కువ, కొందరిలో తక్కువ. మనం దీన్ని కలత గుణం అని పిలుచుకుందాం. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా రాత్రి రెండుసార్లు లేచి నుదురు తాకి చూసే అమ్మలో ఇది ఉంటుంది. అది లేకపోతే ఎన్ని ఇళ్లు నడవవో మీకు తెలుసు.

ఈ గుణం ఎక్కువ ఉన్న స్త్రీలు నెలసరి ముందు మనసు బాధలు ఎక్కువ చెప్తారని వేర్వేరు దేశాల్లో, వేర్వేరు కాలాల్లో చేసిన పరిశోధనల్లో మళ్లీ మళ్లీ కనబడింది. మిగతా నాలుగు లక్షణాలకు, అంటే కలుపుగోలుతనం, పట్టుదల లాంటివాటికి, ఇంత గట్టి సంబంధం కనబడలేదు. ఈ కలత గుణంతో పాటు ఇంకో అలవాటు పనిచేస్తుంది. జరిగినదాన్ని నెమరేయడం. ఆవు మేసింది మళ్లీ నోట్లోకి తెచ్చుకుని నమిలినట్టు, పొద్దున ఆడబిడ్డ అన్న మాటను రాత్రి పన్నెండింటికి కూడా తిప్పి తిప్పి నమలడం. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువగా చూసేది ఈ నెమరేతే. హార్మోన్ మార్పు ఒక నిప్పురవ్వ వేస్తుంది, నెమరేత దాని మీద ఊదుతూ కూర్చుంటుంది.

ఇంతవరకు విని, "అయితే మా ఇంట్ల వాళ్లు అన్నదే నిజం, అంతా గుణమే" అనుకునే ప్రమాదం ఉంది. ఆగండి. రెండు విషయాలు కలిసి కనబడితే ఒకటి ఇంకోదానికి కారణమని కాదు. ఇక్కడ నేను కొంచెం ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే ఆడపిల్లలకు అన్యాయం జరిగేది సరిగ్గా ఇక్కడే.

మొదటి దారి, మనం అనుకునేదే. కలత గుణం ఉన్న మనిషికి ఏ ఒత్తిడి వచ్చినా ఎక్కువ తగులుతుంది, హార్మోన్ల ఒత్తిడి కూడా అంతే. ఇందులో నిజం ఉంది.

రెండో దారి, రెండింటికీ వేరు ఒకటే కావడం. ఆస్ట్రేలియాలో కవల స్త్రీల మీద చేసిన ఒక అధ్యయనం 2002లో వచ్చింది. నెలసరి ముందు బాధలు కొంత వంశంలో వస్తాయని, ఆ వారసత్వంలో కొంత భాగం కలత గుణంతోనూ డిప్రెషన్‌తోనూ కలిసి ఉంటుందని, ఇంకొంత భాగం మాత్రం పూర్తిగా విడిగా ఉంటుందని అందులో తేలింది. ఆ విడిగా ఉన్న భాగాన్ని మర్చిపోవద్దు. కలత గుణం ఏమాత్రం లేని, ఊరంతా "ఎంత నిమ్మళంగా ఉంటది పిల్ల" అనే అమ్మాయికి కూడా ఈ బాధ రావచ్చు. అలాంటి పిల్ల తన మీద తనకే అనుమానం వచ్చి భయపడుతుంది.

మూడో దారి గురించి జనం ఎక్కువ మాట్లాడరు. నెలసరికి మూడు రోజుల ముందు ఒక అమ్మాయి చేతికి ప్రశ్నల కాగితం ఇచ్చి, "నువ్వు తొందరగా బాధపడతావా? నీకు దిగులెక్కువా?" అని అడిగితే ఏం రాస్తుంది? అవును అనే రాస్తుంది. అదే కాగితం నెలసరి అయిపోయిన వారానికి ఇస్తే ఇంకోలా రాస్తుంది. ఈ బాధ ఉన్నవాళ్లలో ఏ రోజున కొలిచామన్న దాన్ని బట్టి గుణం లెక్క మారుతుంది. అప్పుడు మనం కొలిచింది ఆమె స్వభావాన్నా, ఆ వారాన్నా?

నాలుగోది నా మనసును ఎక్కువ పట్టుకున్నది. ఇది నేను చూసిందే చెప్తున్నాను. పదమూడేళ్లప్పటి నుంచి నెలకు వారం రోజులు ఒక పిల్ల ఇలా నలిగితే, ఇంట్లోవాళ్లు దానికి "దాని గుణమే గంత" అని పేరు పెడితే, పాతికేళ్లు వచ్చేసరికి ఆ పిల్లే వచ్చి నాతో అంటుంది, "నేను గిట్లాంటిదాన్నే మేడం, నా గుణమే మంచిది కాదు" అని. ఇక్కడ గుణం నుంచి బాధ రాలేదు. ఏళ్ల తరబడి పడ్డ బాధకే గుణమని పేరు పెట్టారు, ఆ పేరును ఆమె తన పేరనుకుంది. ఏ ప్రశ్నల కాగితం అయినా ఆమెకు కలత గుణం ఎక్కువని చూపిస్తుంది. ఆ అంకె వెనక ఉన్న పన్నెండేళ్లు కాగితం మీద కనబడవు.

ఇంకో పక్క కూడా నిజాయితీగా చూడాలి. మన జ్ఞాపకం కూడా మనల్ని మోసం చేస్తుంది. డయాన్ రూబుల్ అనే పరిశోధకురాలు 1977లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగం చేశారు. అందరికీ నెలసరి సుమారు వారం దూరంలో ఉంది. కొందరికి మాత్రం, "మా కొత్త యంత్రం చెప్తోంది, మీకు ఇంకో రోజులోనో రెండు రోజుల్లోనో వచ్చేస్తుంది" అని చెప్పారు. ఇంకొందరికి వారం పైనే ఉందన్నారు. దగ్గరికొచ్చిందని నమ్మినవాళ్లు ఒళ్లు నీరు పట్టినట్టుందని, నొప్పులున్నాయని ఎక్కువగా చెప్పారు. శరీరాలన్నీ నెలలో ఒకే దశలో ఉన్నాయి, తేడా నమ్మకంలోనే. 1989లో కెనడాలో ఇంకో పరిశోధన వచ్చింది. రోజూ డైరీ రాసిన స్త్రీలను కొన్నాళ్ల తర్వాత, నెలసరి రోజుల్లో ఎలా ఉన్నారో గుర్తు చేసుకోమన్నారు. నెలసరి అంటే బాధే అని గట్టిగా నమ్మినవాళ్లు, తమ డైరీలో ఉన్నదానికంటే ఎక్కువ బాధను గుర్తు చేసుకున్నారు.

దీన్ని పట్టుకుని "చూశారా, అంతా భ్రమ" అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. 1998 ప్రయోగంలో బాధ తిరిగి రావడం భ్రమ కాదు. ఈ రెండు రకాల ప్రయోగాలూ కలిపి చెప్పేది ఒకటే, గుర్తు చేసుకుని చెప్పే మాట మీద ఆధారపడొద్దు, ఏ రోజుది ఆ రోజు రాయండి అని. అందుకే నేను మందుల గురించి కూడా ఇంకా మాట్లాడకుండా ముందు కాలెండర్ గురించి చెప్తున్నాను.

మన ఇళ్లలో గోడకు కాలెండర్ ఉంటుంది. దాని గడుల్లో పాల లెక్క రాస్తాం, గ్యాస్ బండ వచ్చిన రోజు రాస్తాం. మా నాయనమ్మకు అక్షరం రాదు కానీ "అమాస పోయిన మూడు దినాలకు బయట కూసున్న" అని లెక్క తప్పకుండా చెప్పేది. ఆ లెక్కనే కొంచెం పెంచుదాం. రోజూ రాత్రి పడుకునే ముందు గడిలో ఒక అంకె వెయ్యండి. ఒకటి అంటే అసలేం లేదు. ఆరు అంటే భరించలేనంత. చిరాకుకు ఒకటి, దుఃఖానికి ఒకటి, టెన్షన్‌కు ఒకటి, నిద్రకు ఒకటి. డాక్టర్లు వాడే రోజువారీ పట్టికలో కూడా ఒకటి నుంచి ఆరు దాకానే ఉంటుంది. నెలసరి వచ్చిన రోజును సున్నా చుట్టండి. రెండు నెలసరులు పూర్తయ్యేదాకా ఆపొద్దు.

ఈ పని చేయించి నేను ముగ్గురిలో చూసింది చెప్తాను. గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాను.

మొదటి ఆమె డిగ్రీ పిల్ల, హాస్టల్లో ఉంటుంది. ఆమె కాగితం చూడగానే తెలిసిపోయింది. నెలసరికి ఎనిమిది రోజుల ముందు దాకా ఒకట్లు, రెండ్లు. ఆ తర్వాత ఐదు, ఆరు, ఆరు. నెలసరి మొదలైన రెండో రోజుకు మళ్లీ ఒకటి. రెండో నెలా అంతే. ఆ పిల్ల తన కాగితం తనే చూసుకుని, "అంటే మిగతా ఇరవై దినాలు నేను మంచిగనే ఉన్న కదా మేడం" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖం నాకు ఇంకా కళ్లముందే ఉంది. తన గుణం మంచిది కాదనుకునే వచ్చిన పిల్ల అది.

రెండో ఆమె పత్తి ఏరడానికి పోయే మనిషి, ముగ్గురు పిల్లలు. నెలసరి ముందు ఏడుపొస్తది అనే వచ్చింది. కాగితం మీద నెలంతా నాలుగులే. నెలసరి ముందు ఐదు, ఆరు. కింద ఒకట్లు ఎక్కడా లేవు. ఇది ముందే ఉన్న డిప్రెషన్, నెలసరి ముందు ఇంకా పెరుగుతోంది. ఈ తేడా చాలా ముఖ్యం. దీనికి చికిత్స వారం రోజులకు కాదు, నెలంతా కావాలి. ఆమెకు రక్తం కూడా బాగా తక్కువుంది. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. నీరసాన్ని, చిరాకును నెలసరి ఖాతాలో వేసే ముందు రక్తపరీక్ష, థైరాయిడ్ పరీక్ష చేయించాలి.

మూడో ఆమెను ఇంట్లోవాళ్లే తీసుకొచ్చారు. "ముట్టు ముందు పిచ్చి లేస్తది" అన్నారు. రెండు నెలల కాగితం పరిచి చూస్తే, ఆరులు నెలసరి పక్కన లేవు. వారానికి ఒకసారి ఉన్నాయి, ప్రతి వారం ఒకే రోజు. అది వాళ్ల ఊరి అంగడి రోజు. భర్తకు కూలి పైసలు చేతికొచ్చే రోజు, తాగి ఇంటికొచ్చే రోజు. ఆమెకు ఏ రోగమూ లేదు. ఆమె కోపానికి కారణం ఉంది, ఆ కారణానికి ఒక పేరు ఉంది. ఆ కాగితం లేకపోతే నేను కూడా ఆమెకు మాత్ర రాయమని డాక్టరుకు చీటీ రాసేదాన్నేమో. ఆ ఆలోచన వస్తే ఇప్పటికీ నాకు భయమేస్తుంది.

ఈ బాధకు పేరు పెట్టడం మీద పెద్ద గొడవే జరిగింది. రాబర్ట్ ఫ్రాంక్ అనే డాక్టరు 1931లో దీన్ని నెలసరి ముందు టెన్షన్ అన్నారు. 1953లో గ్రీన్, కాథరీనా డాల్టన్ అనే ఇద్దరు బ్రిటిష్ డాక్టర్లు ప్రీమెన్‌స్ట్రువల్ సిండ్రోమ్ అనే మాట తెచ్చారు. పీఎంఎస్ అంటే అదే. తీవ్రమైన రూపానికి పీఎండీడీ అని పేరు. అమెరికా సైకియాట్రీ సంఘం వేసే మానసిక రోగాల జాబితా పుస్తకంలో ఇది 1994లో అనుబంధంలో ఉండేది, 2013లో అసలు జాబితాలోకి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో కూడా ఇప్పుడు ఉంది. ఆడవాళ్లందరినీ నెలకోసారి పిచ్చివాళ్లను చేస్తారని అప్పుడు చాలామంది స్త్రీవాదులు వ్యతిరేకించారు. చదువుకునే రోజుల్లో నేనూ వాళ్లవైపే ఉన్నాను. ఇప్పుడు నా అభిప్రాయం మారింది. పేరు లేకపోతే బాధ పోవడం లేదు, గుణం అనే పేరు వచ్చి దాని మీద కూర్చుంటోంది. రెండు పేర్లలో నేను డాక్టర్లు పెట్టిన పేరునే ఎంచుకుంటాను. ఎందుకంటే దానికి కొలత ఉంది, చికిత్స ఉంది. పీఎండీడీ అనాలంటే పదకొండు లక్షణాల్లో కనీసం ఐదు ఉండాలి, అందులో ఒకటైనా మనసుకు సంబంధించినది కావాలి, నెలసరి వచ్చాక తగ్గాలి, చదువునో పనినో ఇంటినో దెబ్బతీయాలి. నూటికి ఐదారుగురికి మించి ఈ కొలతకు రారు. మిగతా చాలామందికి వచ్చేది చిన్న మార్పు, అది రోగం కాదు.

ఇప్పుడు మన జిల్లాలకు సంబంధించి నన్ను ఎక్కువ బాధపెట్టే సంగతి. నెలసరి బాధ పడలేక గర్భసంచి తీయించుకోవడం. "పిల్లలైండ్రు, ఇగ అది ఎందుకు, తీపిచ్చేస్తే పీడ పోతది." ఈ మాట మీరు ఎన్ని ఇళ్లలో విన్నారో నాకంటే మీకే తెలుసు అక్కా. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 3.2 శాతం మందికి గర్భసంచి తీసేశారు. తెలంగాణలో 7.7 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఇంకా ఎక్కువ, 8.9. గడ్డలు, ఆగని రక్తస్రావం, క్యాన్సర్ లాంటి కారణాలుంటే ఆపరేషన్ అవసరమే, కాదనను. కానీ మనసు బాధ కోసం గర్భసంచి తీస్తే అండాశయాలు లోపలే ఉంటాయి. హార్మోన్లు ఎప్పటిలాగే ఎక్కి దిగుతాయి. చిరాకు, ఏడుపు అలాగే వస్తాయి. పోయేది రక్తస్రావం ఒక్కటే. అప్పుడు కష్టం రెండింతలు, ఎందుకంటే తారీఖు చూపించే గుర్తు కూడా పోయింది. ఇక ఇంట్లోవాళ్లకు మిగిలేది "దాని గుణమే గంత" అన్న మాటే. పోనీ అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై ఐదేళ్లకే ముట్లుడిగిపోయి, ఎముకలకూ గుండెకూ ముప్పు వస్తుంది. అనవసర ఆపరేషన్లను ఆపే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఆపరేషన్ చెప్పిన ప్రతిసారీ ఇంకో డాక్టరును కూడా అడగమని చెప్పండి.

చికిత్స ఉంది కాబట్టే ఇంత గట్టిగా అంటున్నాను. మెదడులోని సెరటోనిన్ అనే పదార్థం మీద పనిచేసే ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రాలిన్ లాంటి మాత్రలు ఈ బాధకు బాగా పనిచేస్తాయి. డిప్రెషన్‌లో ఇవి పనిచేయడానికి వారాలు పడుతుంది, ఇక్కడ మాత్రం కొద్ది రోజుల్లోనే ఫలితం కనబడుతుంది. అందుకని కొందరికి నెలసరి ముందు రెండు వారాలే ఇస్తారు. ఖరీదైన మందులు కావు. డాక్టరు రాస్తేనే వాడాలి, మెడికల్ షాపులో అడిగి కొనుక్కోవద్దు. కొందరికి కొన్ని రకాల గర్భనిరోధక మాత్రలు పనిచేస్తాయి. నెమరేతను ఆపడం నేర్పే కౌన్సెలింగ్ ఉంది. కాల్షియం మీద 1998లో అమెరికాలో పెద్ద ప్రయోగమే జరిగింది. రోజుకు 1200 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్లలో మూడో నెలకు బాధలు 48 శాతం తగ్గాయి, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో 30 శాతం. ఉత్తుత్తి మాత్రతో కూడా అంత తగ్గడం గమనించండి, మనసు నమ్మకం బలం అది. కాల్షియం వల్ల వచ్చిన లాభం ఆ రెండింటి మధ్య తేడానే. మన తైదల్లో, అంటే రాగుల్లో, వంద గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. తైద అంబలితో పీఎండీడీ పోతుందని నేను చెప్పను. కానీ మన పిల్లలు టీ, బిస్కెట్‌తో పొద్దుపుచ్చే కంటే అంబలి తాగడం మేలు.

ఇంకొక్క మాట. దయచేసి అందరూ వినండి. ఈ బాధ తీవ్రంగా ఉన్నవాళ్లలో చనిపోవాలనే ఆలోచనలు ఎక్కువ. రెండు రోజులుండి పోతుంది కదా అని వదిలేస్తాం, ఆ రెండు రోజులే ప్రమాదం. పత్తి పండించే ఇళ్లలో పురుగుల మందు డబ్బాలు గూట్లో, మంచం కింద ఉంటాయి. ఈ రాత్రే వాటిని తాళం వేసే చోటికి మార్చించండి. ప్రాణం మీదికి తెచ్చే ఆలోచనలు చాలావరకు కొద్దిసేపటివే, ఆ కాసేపు డబ్బా చేతికి అందకపోతే మనిషి బతుకుతుంది. మనసు బాధలకు సర్కారు నడిపే ఫోన్ సేవ ఉంది, టెలీ మానస్. నంబరు 14416. పైసలేం పడవు, తెలుగులో మాట్లాడతారు, రాత్రైనా ఎత్తుతారు. ఫోన్‌లో ఇప్పుడే వేసుకోండి, నేను ఆగుతాను.

(కొద్దిసేపు విరామం. తర్వాత ప్రశ్నలు.)

బీఎస్సీ విద్యార్థిని: మేడం, గుణం మారదు అంటరు కదా. కలత గుణం ఉన్నవాళ్లకు ఇది జీవితాంతం ఉంటదా?

మంచి ప్రశ్నమ్మా. గుణం రాయి మీద గీత కాదు. వయసు పెరిగేకొద్దీ కలత గుణం సగటున కొంత తగ్గుతుందని చాలా దేశాల లెక్కలు చెప్తున్నాయి. చికిత్సతోనూ తగ్గుతుంది. రెండు వందలకు పైగా అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2017లో వచ్చింది. కౌన్సెలింగ్, మందులు తీసుకున్నవాళ్లలో అన్ని గుణాల్లోకీ ఎక్కువగా మారింది ఇదే. ఇక నెలసరి ముందు బాధకు మీ గుణం మారేదాకా ఆగాల్సిన పని లేదు. గుణం ఏదైనా బాధకు చికిత్స చేయొచ్చు.

అంగన్‌వాడీ టీచర్: నిజంగ కోపమొచ్చే పని చేసినా ఇంట్ల "నీకు ఆ దినాలొచ్చినయి" అంటరు మేడం. అప్పుడు ఏం జెయ్యాలె?

ఆ వారంలో వచ్చిన కోపం అబద్ధం కాదమ్మా. నెలంతా మింగుకున్నది ఆ వారం బయటికి వస్తుంది, అంతే. నేను నా దగ్గరికి వచ్చేవాళ్లకు ఒకటి చెప్తాను. ఆ రోజు కోపమొచ్చిన సంగతిని కాగితం మీద ఒక ముక్క రాసుకోండి. నెలసరి అయిపోయిన వారానికి, మనసు నిమ్మళంగా ఉన్నప్పుడు తీసి చదవండి. అప్పుడు కూడా అది అన్యాయమే అనిపిస్తే, ఆ రోజే ఇంట్లో కూర్చోబెట్టి మాట్లాడండి. ఆ రోజు ఎవరూ "ఆ దినాలు" అనలేరు. నేను మా ఇంట్లో ఇలాగే మాట్లాడాను. ఆదివారం వంట సంగతి అలాగే తేలింది.

ఆశా కార్యకర్త: మా ఊర్లె సగం మందికి రాయరాదు మేడం. అంకెలు ఎట్ల వేస్తరు?

అక్కా, చుక్కలు పెట్టించండి. బాగుంటే ఒక చుక్క, అస్సలు బాగలేకపోతే ఆరు చుక్కలు. కాలెండర్ మామ చూస్తడు అని ఇబ్బంది పడితే, ఆ చుక్కలు ఏమిటో ఎవరికీ చెప్పాల్సిన పని లేదు, పాల లెక్క పక్కన కలిసిపోతాయి. నెలసరి వచ్చిన రోజున సున్నా చుట్టమనండి. నెలకోసారి మీరు ఇంటికి పోయినప్పుడు ఆ పేజీని ఫోన్‌తో ఫోటో తీసుకుని, డాక్టరు దగ్గరికి పోయే రోజు చూపించండి. మేము తెచ్చిన కాగితాలు తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి, ఒక్కొక్కరు రెండు నెలలకు సరిపడా తీసుకోండి. మొదటి గడి ఈరోజుది. పడుకునే ముందే నింపండి, రేపు పొద్దున గుర్తు చేసుకుని నింపొద్దు.